అడగాల్సిన మనిషిని అడగడం నేర్పిన టీచరుగారు

1991 జూన్ పన్నెండవ తేదీన మన ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించి, విద్యార్థులు భయంతోనూ సహోపాధ్యాయులు ముద్దుగానూ ‘ఎర్రసిరా టీచరు’ అని పిలుచుకునేంతగా కాగితాలు దిద్దిన ఈ విదుషీమణి నేడు పదవీ విరమణ చేస్తున్నారు. తొలి పదేళ్లు పిల్లల చేత పటాలు గీయించడంలో గడిచాయి. పిమ్మట పదవ తరగతి, ఆపైన పరీక్షల విభాగం ఆవిడ భుజాలకెక్కాయి.

కృత్రిమ మేధ బడిలో అడుగుపెట్టినప్పుడు మాలో సగం మందిమి హడలిపోయాము, తక్కినవారము దాసోహమన్నాము. ఆ రోజుల్లోనే తొమ్మిదో తరగతి అమ్మాయి నదుల మీద రాసిన వ్యాసం వయసుకు మించి ఉందని టీచరుగారికి అనుమానం వచ్చింది. దాన్ని యంత్రానికిచ్చి, ఇది నువ్వు రాసిందేనా అని అడిగారు. అది తడుముకోకుండా ఔనంది. ఆవిడ వెనకాముందూ చూడకుండా సున్నా వేశారు. పిల్ల ఎంత మొత్తుకున్నా వినలేదు.

మర్నాడు దర్జీ పని చేసే తండ్రి, కూతురి చిత్తుప్రతుల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. కేకలు వేయలేదు.

“మా అమ్మాయి మాట కన్నా దాని మాట ఎక్కువైందా, టీచరుగారూ?”

ఆయన వెళ్లాక టీచరుగారు, పదిహేనేళ్ల కిందట తాను చేత్తో రాసుకున్న పాఠాన్ని యంత్రానికిచ్చి అదే ప్రశ్న వేశారు. అదీ తనదేనంది. మేము నవ్వాము; ఆవిడ నవ్వలేదు. నేరుగా తరగతికి వెళ్లి, అందరి ముందూ సున్నా కొట్టేసి, “తప్పు నాదమ్మా. దాన్ని అడిగాను గానీ నిన్ను కూర్చోబెట్టి అడగలేదు” అన్నారు.

ఆనాటి నుండి ప్రతి గురువారం సాయంత్రం ఉపాధ్యాయుల గదిలో మాకూ పాఠాలు మొదలయ్యాయి. యంత్రం చెప్పిన అబద్ధం ఒక్కటైనా పట్టుకురానివారికి టీ లేదు. మన బడి ఘనత గురించి అడిగిన వ్యాయామోపాధ్యాయులకు, లేని ఈతకొలనులో ఏడు పతకాలు వచ్చాయని యంత్రం చెప్పింది. నవ్వుతూనే మేమంతా సరిచూసుకోవడం నేర్చుకున్నాము. ఆ మేలు మరువలేము.

అయితే ఆ అమ్మాయి చాలా కాలం రెండు వాక్యాలకు మించి రాయలేదు. టీచరుగారు బలవంతపెట్టలేదు, ఎదురుచూశారు. ఏడాది చివర ఒకరోజు నాలుగు పుటల వ్యాసం తెచ్చి, చిత్తుప్రతుల పుస్తకం కూడా తీయబోయింది.

“అదెందుకమ్మా, నువ్వు రాశానంటే చాలు” అన్నారు ఆవిడ.

అటువంటి పెద్ద మనసుకు ఆయురారోగ్యాలు నిండుగా ఉండాలనీ, దిద్దే పని లేని తీరిక దొరకాలనీ, పిల్లలు స్వయంగా రాసిన ఉత్తరాలు చిరకాలం ఆవిడ గుమ్మానికి చేరుతూ ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాము.