వార్త కింద రెండో పేరు

పొద్దున్న తొమ్మిదిన్నర. బయట దుమ్ముగాలి, ఎండ పసుపు నీళ్ళలా ఉంది. ఈ గాలిలో ఆరంతస్తులు ఎక్కి వచ్చారు, అది చాలు. కూర్చోండి హో గారూ. క్షమించమని మాత్రం అనకండి. తలుపు తీసేసరికే ఆ మాట మీ మొహంలో కనబడింది. మళ్ళీ నోటితో చెప్పక్కర్లేదు.

టీ పెట్టను. పిల్లని పోలీసులు 'ఒకసారి టీకి రమ్మంటున్నారు' అనే తీసుకెళ్ళారు. ఆ డబ్బా మూత తియ్యబుద్ధి కావడం లేదు. వేడినీళ్ళున్నాయి, అవి తాగండి.

కాస్త మెల్లగా. లోపల నింగ్‌షూ పడుకుంది. నిన్న మధ్యాహ్నం వదిలారు. స్నానం చేసింది, రెండు గిన్నెల జావ తాగింది, మంచం ఎక్కింది. ఇంకా లేవలేదు. నేను వెళ్ళి వెళ్ళి దాని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూసొస్తున్నాను. ఇరవయ్యారేళ్ళ పిల్ల. పురిటి బిడ్డని చూసినట్టు చూస్తున్నాను.

కొట్టారా అంటే, లేదు. ఎవరూ చెయ్యి చేసుకోలేదట. నిద్రపోనివ్వలేదు, అంతే. అంతే అంటున్నాను చూడండి. పోయిన వారం అయితే ఆ మాట అనేదాన్నా?

మీరు మంచికే చేశారు. నాకు తెలీదా? అదే వచ్చిన బాధ. చెడ్డకి చేసుంటే ఈపాటికి తిట్టి మెట్లు దింపేసేదాన్ని.

మీ పత్రిక లండన్ ఆఫీసులో ఎవరో అన్నారట, ఆ అమ్మాయి అంత కష్టపడితే పేరు వెయ్యకపోవడం ఏం న్యాయం అని. మీకూ నిజమే అనిపించింది. వార్త పైన మీ పేరు, కింద దాని పేరు. తావ్ నింగ్‌షూ. కేకు కూడా తెప్పించారట కదా. అది మీ ఆఫీసులో కేకు తిని, ఇంటికొచ్చి ఫోన్‌లో ఆ పేరు చూపించింది. దాని కళ్ళు మెరుస్తున్నాయి. నేను ఆ వార్తంతా వదిలేసి, ఆ పేరు ఒక్కటే చూశాను. 'తీసెయ్యమని చెప్పు' అన్నాను. 'నీకు అసూయమ్మా' అంది నవ్వుతూ.

అప్పటికే నాలుగు చోట్ల చదివేశారు. తీసేస్తే మాత్రం?

ఇన్నేళ్ళుగా బీజింగ్‌లో ఉన్నారు. మీకు కొత్తగా చెప్పాలా? విదేశీ పత్రికల్లో పనిచేసే మా పిల్లల్ని సహాయకులంటారు, విలేకరులనరు. అనడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. ఊళ్ళు తిరిగేది వాళ్ళే, తలుపులు కొట్టేది వాళ్ళే, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చునేది వాళ్ళే. పేరు మటుకు ఉండదు. మీ దేశంలో అది అన్యాయం. ఇక్కడ అది ఇంటి పైకప్పు. దానికి న్యాయం చేద్దామని మీరు కప్పు ఊడబీకారు హో గారూ.

పేరు సంగతి నాకంటే ఎవరికి తెలుసు? మీకు హో మింగ్‌డె అని పేరు పెట్టింది నేనే. హావర్‌గల్ అంటే మావాళ్ళ నోరు తిరగలేదు. అప్పుడు మీరు బ్రిటిష్ ఎంబసీలో చిన్న అధికారి, నేను దుబాసీని. విందు బల్ల చుట్టూ పెద్ద కుర్చీలు, మీ వెనక నా స్టూలు. మీ ముందు చేపలూ బాతులూ, నా ఒళ్ళో కాగితం, పెన్సిలు. దుబాసీ నోరు తినడానికి కాదు కదా. ఇంట్లోనే నూడుల్స్ తినేసి వచ్చేదాన్ని. మర్నాడు ఫోటోలో నా భుజం ఒక్కటే మిగిలేది. ఒక్కోసారి అదీ కత్తిరించేవాళ్ళు. నాకేం బాధ లేదు. సాయంత్రం ఇంటికొచ్చి పిల్ల చేత ఎక్కాలు చెప్పించుకునేదాన్ని. ఎవరూ మా తలుపు కొట్టేవారు కాదు.

షాన్‌డాంగ్‌లో ఆ రంగుల ఫ్యాక్టరీ. మీ మంత్రి వచ్చాడు, మావైపు నుంచి పెద్దాయనెవరో వచ్చాడు, సంతకాలయ్యాయి. ఎంబసీ తరఫున దాన్ని కుదిర్చింది మీరు. ఆ తర్వాత ఎంబసీ మానేసి ఆ కంపెనీకే సలహాదారయ్యారు. నన్నూ పిలిచారు. రిబ్బన్ కత్తిరించిన రోజు ఊరి పెద్ద మీకు మొక్కజొన్న సారా పోస్తూ, 'ఇంగ్లీషాయన మా నీళ్ళు తాగితేగానీ చుట్టం కాడు' అంటే, ఆ మాట మీకు చెప్పింది నేనే. మీరు తాగారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు పత్రిక. అదే ఫ్యాక్టరీ, అదే ఊరు, బావుల్లో నీళ్ళు రంగు మారాయని వార్త. కోపం తెచ్చుకోకండి. మూడు పూటలా ఒకే ఇంట్లో భోంచేశారు మీరు. మొదటి రెండు పూటలూ మీ వెనక స్టూలు మీద నేనున్నాను. మూడో పూటకి నా కూతురు కూర్చుంది.

అది నాలాంటిది కాదు. గిన్నెలు తోముతూ అనేది, 'అమ్మా, నువ్వు ఎంతసేపూ వాళ్ళ మాట వీళ్ళకీ వీళ్ళ మాట వాళ్ళకీ మోశావు. నీకంటూ ఒక్క మాటుందా?' అని. 'ఉంది, ఆ గిన్నె అడుగు మళ్ళీ తోము' అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

మంగళవారం మీ ఆఫీసు డ్రైవరు గెంగ్ పెళ్ళాం ఫోన్ చేసింది. ఈయన ఫోన్ ఎత్తడం లేదు అక్కా, మీ అమ్మాయి ఎత్తుతోందా అని. అప్పుడు తెలిసింది నాకు. మీ ఆఫీసు కింద, కారు ఆపే చోట, ఇద్దర్నీ కలిపి తీసుకెళ్ళారు. గెంగ్ చేసిందేముంది? మీ ఇద్దర్నీ ఆ ఊరికి తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. మధ్యలో పిల్ల ఆకలంటే కాల్చిన చిలగడదుంప కొనిపెట్టాడు.

'మీ ఇద్దర్నీ' కాదు. దాన్ని ఒక్కదాన్నే. మీరు వెళ్ళలేదు కదా. అక్కడికే వస్తున్నాను.

బుధవారం నన్ను పిలిచారు. ఏదో అతిథి గృహం, కిటికీకి మందపాటి తెర. ఒక కుర్రాడు, మంచి మర్యాదస్తుడు. నా పిల్ల ఈడువాడే. నారింజ వొలిచి, తొన మీద పీచు కూడా తీసి నా ముందు పెట్టాడు. షెన్ పిన్నీ అని పిలిచాడు. నేను ఎంతమంది దగ్గర దుబాసీగా పనిచేశానో, ఏయే విందుల్లో కూర్చున్నానో, అన్నీ చెప్పాడు. పొగుడుతున్నట్టే చెప్పాడు. నేనుగా ఒక్కటీ చెప్పక్కర్లేకపోయింది.

మా పిల్ల మంచిదే అన్నాడు. కాకపోతే మొండిది. ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట: నా అంతట నేనే వెళ్ళాను, నన్నెవరూ పంపలేదు, డ్రైవరుకి ఏమీ తెలీదు. మిమ్మల్ని కాపాడుతున్నాననుకుంది. గెంగ్‌ని కూడా.

ఆ కుర్రాడు తొన నావైపు జరిపాడు.

'పిన్నీ, మీరు పెద్దవారు, మీకు అర్థమవుతుంది. తనంతట తనే వెళ్ళిందంటే అది తన నేరం. ఎవరో పంపితే వెళ్ళిందంటే అది ఉద్యోగం. ఉద్యోగం చేసుకునే పిల్లల్ని మేమేం చేస్తాం? ఒక్క మాట చెప్పండి. ఎవరు పంపారు?'

నారింజ తొన నోట్లో పెట్టుకున్నాను. తీపో పులుపో తెలియలేదు.

ఏమిటి? మిమ్మల్నా?

ఎప్పుడు చెప్పారు? నిన్న సాయంత్రమా. విలేకరి అనుమతి కాగితం ఇక ఇవ్వబోమన్నారా. పది రోజుల్లో వెళ్ళిపొమ్మన్నారా.

లేదు, నాకేం ఆశ్చర్యంగా లేదు. కారణం చెప్పలేదా? వాళ్ళు చెప్పరు. ఎందుకై ఉంటుందని నన్నడుగుతున్నారా హో గారూ? ఆ వార్త కోసం అనుకుంటున్నారు. అంతకన్నా ఘాటైనవి రాశారు మీరు, ఎవరూ కదపలేదు.

ఆగండి, లోపల మంచం చప్పుడైంది. ... లేదు, పక్కకి తిరిగింది.

వినండి. ఒక్కసారే చెబుతాను.

వాళ్ళు మిమ్మల్ని పంపుతున్నది నా మాట మీద.

హో గారే పంపారు అన్నాను. మా పిల్ల వెళ్ళనంటే ఉద్యోగం పోతుందని బెదిరించి పంపారు అన్నాను. ఆ ఊళ్ళో ఎవరింటికి వెళ్ళాలో, ఏమడగాలో ఆయనే చెప్పారు, పేరు కూడా దానికి చెప్పకుండానే వేశారు అన్నాను. ఆ చివరి ముక్క ఒక్కటే నిజానికి కాస్త దగ్గర. మిగతాదంతా అక్కడికక్కడ అల్లాను. ఎంత చక్కగా వచ్చిందో! తడుముకోలేదు. ఆ కుర్రాడు రాసుకుంటూ మధ్యలో ఒకసారి తలెత్తి చూశాడు. నమ్మలేదు వాడు. నమ్మక్కర్లేదు కూడా. వాడికి కావలసింది ఒక పేరు.

మీరు దాన్ని వెళ్ళొద్దన్నారు. నాకు తెలుసు. నేనొచ్చేదాకా ఆగు, ఒంటరిగా వెళ్ళకు అని మీరు పంపిన సందేశం అదే నాకు చూపించింది. 'ముసలాయన భయపడుతున్నాడమ్మా' అని నవ్వింది. వినకుండా గెంగ్‌ని బతిమాలి తీసుకెళ్ళింది. అదంతా తెలిసే చెప్పాను.

దాని మాట నిజమైంది చూశారా? ఇన్నేళ్ళలో నాకంటూ ఒక్క మాట లేదు. మొదటిసారి నా సొంతంగా ఒకటి చెప్పాను. అది అబద్ధం.

మీ మొహం చూస్తే ఏమీ అర్థం కావడం లేదు. ఎంబసీలో నేర్చుకున్న మొహం పెట్టారు. తిట్టండి కావాలంటే, మెల్లగా తిట్టండి.

మీరు దాని పేరు వేశారు. నేను మీ పేరు వేశాను. మీది మంచితనం, నాది కాదు. అంతే తేడా.

రెండు రోజులు ఆలోచించాను, మిమ్మల్నేం చేస్తారా అని. ఏం చేస్తారు? మీకు పాస్‌పోర్టుంది. పాస్‌పోర్టు ఉన్నవాణ్ణి విమానం ఎక్కిస్తారు. లేనివాళ్ళనే గదిలో కూర్చోబెడతారు. ఆ లెక్క చూసుకునే చెప్పాను. మీరంటే గౌరవం లేక కాదు. మా ఆయన పోయినప్పుడు మీరొక్కరే కదా ఆసుపత్రికి వచ్చి, నా పక్కన కూర్చున్నది. ఆ మనిషి పేరే చెప్పాను. వేరే పేరు చెబితే వాళ్ళకి సరిపోదు.

ఇంకొకటి. మా పిల్లని వదిలేటప్పుడు ఆ కుర్రాడు అన్నాడట, మీ హో గారు మొత్తం తన మీదే వేసుకున్నారు, అదృష్టవంతురాలివి అని. ఎందుకలా అన్నాడో నాకు తెలీదు. జాలి పడ్డాడేమో. లేకపోతే వాళ్ళ పద్ధతేమో. ఇది ఇంటికొచ్చి జావ తాగుతూ తాగుతూ ఏడ్చింది. 'చూశావా అమ్మా, మనవాళ్ళెవరైనా అలా నిలబడతారా?' అంది. నేను గిన్నెలో ఇంకో గరిటె పోశాను.

ఆ మాట అలాగే ఉండనివ్వండి. అది లేచాక మీకు ఫోన్ చేస్తుంది. దండం పెడుతుంది. పెట్టించుకోండి. నా కోసం కాదు. తల్లి అబద్ధం వల్ల బయటికొచ్చానని తెలిస్తే అది మళ్ళీ వెళ్ళి నిజం చెబుతుంది. దాని సంగతి మీకూ తెలుసు.

ఊఁ అన్నారా? సరే. తల ఊపితే చాలదు, నోటితో అనండి... సరే.

గెంగ్‌ని కూడా వదిలారు, చూడ్డానికి పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను చూసి, 'షెన్ అక్కా, అక్కడ తిండి మన ఆఫీసు పక్క హోటల్ కన్నా నయం, ఉప్పు సరిగ్గా వేశారు' అన్నాడు. వాళ్ళావిడ వెనక నుంచి వీపు మీద ఒకటిచ్చింది. కారు తాళాలు ఇంకా ఇవ్వలేదట. ఆయన ఎడం చెయ్యి బల్ల కింద దాచుకునే ఉన్నాడు. నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

లేస్తున్నారా. నీళ్ళు తాగనే లేదు.

లండన్‌లో మీకు పనికి లోటుండదు. చైనా గురించి చెప్పమని ఎవరో ఒకరు పిలుస్తారు. వెళ్ళగొట్టారంటే ఇంకా ఎక్కువ పిలుస్తారు. ఇది కూడా రాస్తారేమో. రాయండి. నా పేరు మాత్రం వెయ్యకండి.

మూతికి మాస్కు పెట్టుకోండి, గాలి ఇంకా తగ్గలేదు. మెట్ల మీద మూడో అంతస్తులో లైటు లేదు, గోడ పట్టుకుని దిగండి.

నిన్నటి నుంచీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. గెంగ్ వచ్చాడు. నింగ్‌షూ వచ్చింది. మీరూ వెళ్తున్నారు, గెంటితే వెళ్ళినా వెళ్ళేది మీ ఇంటికే. ముగ్గురు.

ఆ ఊళ్ళో, బావి నీళ్ళు సీసాలో పోసి మా పిల్లకి చూపించినావిడ ఉంది కదా. వార్తలో పేరు మార్చారు, మొహం కనబడనివ్వలేదు. గుమ్మం మటుకు కనబడింది. ఆ గుమ్మం ఎవరిదో ఆ ఊళ్ళో తెలీని వాళ్ళుంటారా? ఆవిణ్ణి తీసుకెళ్ళారో లేదో, తీసుకెళ్తే వదిలారో లేదో, ఆ కుర్రాణ్ణి అడగొచ్చు. అడిగితే ఆవిడ పేరూ నా నోటి నుంచే వచ్చేది. అడగలేదు.

మీరూ నన్నడగలేదు హో గారూ, ఇంతసేపూ.

ముగ్గురు. అంతవరకే తెలుసు నాకు.