డాక్టరు చూసిన వైపు

ఉదయగిరిలో వరప్రసాదం ఇంటి వసారా. భార్య లిదియమ్మ గుడ్డ చుట్టిన కాలు చాపుకుని చేటలోకి మునగాకు దూస్తోంది. ఆత్మకూరు నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన ఆడబిడ్డ రూబీ పక్కనే కూర్చుని ఓ రెమ్మ అందుకుంది. వరప్రసాదం ఎదురుగా కుర్చీలో ఉన్నాడు.

“నీ కాలు ఎట్టుండాదో చూసి పోదామని వస్తే నాకు గూడా పని పెట్టినావే. మేకకైనా ఇంత ఆకు వెయ్యరు గదా వదినా. ఎవురికి ఇదంతా?”

“మీ అన్నకి.”

“ఇదంతానా?”

“ఇది ఉత్త రసానికే. మధ్యాన్నానికి కొర్రన్నం, తోటకూర కూర లోపల వండి పెట్టినా.”

“నవ్వు రూబీ, నవ్వు. ఆఫీసులో నన్ను చూసి నవ్వినోళ్ళే ఇప్పుడు ఏం తింటా ఉండారు సార్ అని ఎనకాల పడతా ఉండారు. మాంసం మానేసి మూడు నెలలు. గుడ్డు లేదు, పాలు లేవు, నెయ్యి లేదు. బెల్టుకు కొత్త బొక్కలు కొట్టించినా.”

“పోయిన ఈస్టరుకు తలకాయ కూరలో మెదడు నాకెందుకు వెయ్యలేదని కంచం ముందర నుంచి అలిగి లేచింది ఎవురన్నా?”

“అది పాత మనిషి. అసలు మన పళ్ళు మాంసానికి పుట్టినవి కాదు. ఆ సంగతి తెలుసా నీకు?”

“నీ పళ్ళ సందులో ఇరుక్కున్న ఎముకని పిన్నీసుతో తీసింది నేనే గదా. నాకు తెలవదా? అది సరే, వదినా, నీ కాలు…”

“మీ వదిన కాలు ఎక్కడికీ పోదులే. ముందు నా మాట ఇను. వచ్చే ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరుగారు. ఒంటిని ఎట్ట కాపాడుకున్నానో సంఘానికంతా చెప్పాలంట.”

“ఆ రోజు ప్రేమవిందు గూడా ఉండాది. బిరియాని వాసన వస్తా ఉంటాది. తొందరగా ముగించన్నా, జనాలు ఆకలి మీద ఉంటారు.”

“నీకంతా ఎగతాళే. నేనెంత హుషారుగా ఉండానో మీ వదినని అడుగు.”

“చెప్పు వదినా.”

“హుషారుగానే ఉండాడు. నాలుగింటికే నన్ను లేపతాడు.”

“నాలుగింటికి లేసి ఏం చేస్తావు?”

“శనక్కాయ పాలు తియ్యాల. నానిన పప్పుని రోట్లో రుబ్బి, గుడ్డలో వేసి పిండాల.”

“మిక్సీ ఉండాదిగా?”

“మిక్సీలో వేస్తే వేడెక్కి సత్తువంతా పోతాది రూబీ. ఫోన్లో ఒకాయన చెప్పినాడు.”

“పప్పు సత్తువ పోకూడదు. మా వదిన సత్తువ పోయినా పరవాలేదు.”

“అదిగో. ఏం చెప్పినా అడ్డం మాట్లాడటమే.”

“సరే. నువ్వేం తింటన్నావు వదినా? నువ్వు గూడా కొర్రన్నమేనా?”

“కొర్రలు దుత్తలూరు నుంచి తెప్పిస్తాడు. ఆయన ఒక్కడికే సరిపోతాయి. నాకేంది, రాత్రన్నం ఉంటాది. ఇంత ఊరగాయ వేసుకుంటా.”

“రోజూనా?”

“ఆ రసాలు, పాలు, కూరలు అయ్యేసరికి నడుం పడిపోతాది. ఇంక నాకని ఏం చేసుకుంటాను?”

“ఇంతకీ కాలికి ఏమైంది?”

“ఏం లేదులే. పక్కింటి శీనమ్మోళ్ళ దొడ్లో మునక్కొమ్మ వంచతా ముల్లు తొక్కినా.”

“ఎప్పుడు?”

“చానా రోజులైంది.”

“ఏదీ, విప్పు. చూడనీ… వదినా, వేలు నల్లబడిపోయిందే. నీకు సుగరుండాదని తెలిసి కూడా దీన్ని ఎవురికీ చూపించలేదా?”

“సుగరుకి నేనే తీసకపోయినా గదా రూబీ, మీ ఆత్మకూరుకే. మంచి డాక్టరు. నాకు ఈ తిండి చెప్పింది ఆయనే.”

“నీకా? నీకేముండాది?”

“నాకేం లేదు. దేవుని దయ వల్ల బీపీ లేదు, సుగర్ లేదు.”

“మరి నీకెందుకు చెప్పినాడు?”

“ఎందుకేంది, నా వైపు చూసి చెప్పినాడు. తెల్లన్నం తగ్గించండి, మాంసం మానుకోండి, ఆకుకూరలు, పప్పులు, కొర్రలు తినాల అని. ఆ మాటలు నా మనసుకు తగిలినాయి.”

“నెత్తురు ఎవురి చేతిలో తీసినారన్నా?”

“మీ వదిన చేతిలోనే.”

“మాత్రలు ఎవురికి రాసినాడు?”

“మీ వదినకే.”

“తిండి మాత్రం నీకు.”

“నా వైపే చూసినాడు రూబీ. మీ వదిన పక్కన స్టూలు మీదనే కూచోనుండాది. ఒక్కసారి గూడా ఆమె వైపు చూళ్ళేదు ఆయన.”

“వదినా, నువ్వు ఇన్నావు గదా?”

“ఇన్నాను.”

“మరి చెప్పలేదే?”

“ఇంటికి రాంగానే మొదలుపెట్టినాడు. అంత ఇష్టంగా తింటా ఉంటే ఏం చెప్పేది? ఆయన తిన్నాక మిగిలితే తిందాంలే అనుకున్నా. మిగల్లేదు.”

“అంతా నా మీదికి తోస్తారేంది? డాక్టరు సరిగ్గా చెప్పాల గదా. సరే, ఇప్పుడేం పోయింది? రేపటి నుంచి ఇద్దరికీ కలిపి చెయ్యి లిదియా. నాలుగింటికి లేసే బదులు మూడున్నరకు లెయ్. మా ఇంటామె గూడా నన్ను చూసి మారిందని సాక్ష్యంలో చెప్తా… ఏమే, చేట అట్టనే వదిలేసినావే? రోట్లో ఎవురు దంచతారు? ఆ కొర్రన్నం గిన్నె ఎందుకు ఎత్తతన్నావు? కూర గూడానా? అదంతా కారియర్లో ఎందుకు సర్దతన్నావు? లిదియా, నిన్నే. ఆ కాలుతో ఎక్కడికి? గేటు దాటతా ఉండాది చూడు… రూబీ, మీ వదినని ఆపు.”

“ఆత్మకూరు బస్సు టైమయిందన్నా. తప్పుకో, నా సంచి తీసుకోవాల. వదినతో నేనూ ఆస్పత్రికి పోతన్నా.”

“మరి మధ్యాన్నానికి నేనేం తినాల?”

“గిన్నెలో రాత్రన్నం ఉండాది. ఇంత ఊరగాయ వేసుకో.”