కేశవరావుగారి చారల టమాటా

“ఉత్తి చేతుల్తో వచ్చేరేంటండి అని నవ్వుతావేంటి రమణబాబూ? ఒళ్ళు మండిపోతుంది నాకు. ముందు కూర్చో. బేబీ, నాకో టీ పొయ్యమ్మా, పంచదార తగ్గించి.

పోయిన ఆదివారం ఈ టీకొట్టు బల్ల మీదే కదా పందెం వేసుకున్నాం? నీ హైబ్రిడ్ టమాటా ఒకవైపు, మా మామ్మ కాలం నుంచి మా పెరట్లో ఉన్న చారల టమాటా ఒకవైపు. బేబి రెండిట్నీ పచ్చడి చేస్తుంది, ఓడినవాడు తన మొక్కలు పీకేసి గెలిచినవాడి నారు వేసుకోవాలి. నేనేం మర్చిపోలేదు. నువ్వు సంచీడు తెచ్చేవు, సంతోషం. అన్నీ ఒకటే సైజు, ఒకటే రంగు, గోడకేసి కొట్టినా పగలవు. నోట్లో వేసుకుంటే నీళ్ళు. అదీ ఓ టమాటాయేనా? మాదైతే గుమ్మడికాయలా చారలు చారలుగా ఉంటుంది, గోరు తగిలితే చిట్లిపోతుంది. ఒక్క కాయ పిండితే గిన్నెడు పులుసు.”

“ఒక్క కాయకేనాండి?” అంది బేబి, గ్లాసు అందిస్తూ.

“ఆయ్, ఒక్క కాయకే” అన్నారు కేశవరావుగారు. “నలుగురం తినగా మర్నాటికి మిగిలింది. మాట పూర్తి కానివ్వరు కదా! ఈ ఏడు ఒక్క మొక్కే బతికింది, ఒప్పుకుంటాను. కానీ అది మామూలు మొక్కా? కర్ర పాతేను, దాటేసింది. వెదురు పాతేను, అదీ దాటేసింది. ఆఖరికి పక్కనున్న కొబ్బరిచెట్టు పట్టుకుని మొవ్వు దాకా పాకిపోయింది. మొన్న కొబ్బరికాయల దింపు తియ్యడానికి చెట్టెక్కినవాడు పైనుంచి ఒకటే గోల, గెలల్లో ఏది కొబ్బరికాయో ఏది టమాటాయో తెలీట్లేదండి అని. రెండూ ఒకటే సైజాయె. ఎర్రగా ఉన్నవాటి జోలికి పోకురా అన్నాను.”

“వాటిల్లో ఒకటి తెచ్చుంటే సరిపోయేది కదండి” అన్నాడు రమణబాబు.

“అదేగా చెబుతున్నాను! ఏం మనుషులయ్యా మీరు? ఈ పొద్దున్న నీకోసమే గెల కోయించేను. కింద పడ్డాక ఏమైందో తెలుసా? దొర్లుకుంటూ పోయి పంటకాలవలో పడింది. కాయలన్నీ చిట్లి కాలవంతా చారు. లాకుల దగ్గర జనం గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ఆ చారు గోదాట్లో కలిసి, అంతర్వేది దగ్గర సముద్రంలో దిగింది. ఉప్పు సముద్రానిది, పులుపు నాది. అక్కడ వలేసినవాళ్ళకి చేపలు పులుసుతో సహా పడ్డాయంట. కారం ఒక్కటే తక్కువైందని ఇందాకే ఫోన్ చేసేరు. అంతమంది తాగి బాగుందన్నాక ఇంకా నీకు పచ్చడి చేసి చూపించాలా? నా మొక్క పీకాలా?”

బేబి బల్ల కిందనుంచి కాగితం పొట్లం తీసి విప్పింది. అందులో నిమ్మకాయంత చారల టమాటా ఒకటి, సగం పచ్చగానే ఉంది. విత్తనానికి వదిలిన కాయ ఎవరూ కొయ్యకుండా కట్టే గుడ్డపీలిక దాని తొడిమకి ఇంకా వేలాడుతోంది.

“మీ ఆవిడగారు పంపేరండి. పందెంలో మీ పరువు పోకూడదని, ఉన్నది కోసిచ్చేరు” అని కత్తిపీట ముందుకి లాక్కుంది.

కేశవరావుగారు లేచిన విసురుకి టీ అంతా పంచె మీద ఒలికింది.

“కొయ్యకమ్మా, గింజింకా ముదరలేదు. ఈ ఏడు కాసింది అదొక్కటే. అది పోతే మా మామ్మ విత్తనం పోయినట్టే. ఓడిపోయేననే రాసుకోండి, దాన్ని మాత్రం కొయ్యకు.”

బేబి కత్తిపీట పక్కకి జరిపి, కాయని మళ్ళీ పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కండువాలో చుట్టుకున్నారు. రమణబాబు తన సంచీలోంచి నాలుగు టమాటాలు తీసి బేబికిచ్చి, పచ్చడికి ఇవి చాలన్నాడు.

“మొక్క పీకకండి బాబాయిగారు. ఆ కాయ పండేక నాకో నాలుగు గింజలివ్వండి, మా పెరట్లోనూ వేస్తాను. కొబ్బరిచెట్టు ఎక్కక్కర్లేదు, పచ్చడికి సరిపడా కాస్తే చాలండి.”

“ఆయ్” అన్నారు కేశవరావుగారు. ఆ పైన ఇంకేమీ కలపలేదు.