మిదోసుజి మీద ఎదురొచ్చిన కార్లు

"లైసెన్సు ఇచ్చేయమంటే ఇచ్చేస్తానమ్మా, నాకేం పోయింది. కానీ మొన్న పండగనాడు నేను బండి ఎలా నడిపానో ముందు వినండి. విన్నాక కూడా పోలీస్ స్టేషన్‌కి పోదామంటే, పదండి."

నిషివాకి గారు ఒసాకాలో టాక్సీ నడిపి రిటైరైన మనిషి, ఎనభైకి దగ్గరపడ్డారు. జపాన్‌లో వయసు మీదపడ్డవాళ్లు లైసెన్సు వాళ్లంతట వాళ్లే పోలీస్ స్టేషన్‌లో తిరిగి ఇచ్చేయవచ్చు. ఆ పని మీదే కూతురు చిహారు ఆయన్ని తీసుకెళ్లడానికి వచ్చింది. దారిలో ఆయన కజుయో టకోయాకి కొట్టు దగ్గర ఆగి బెంచీ మీద బైఠాయించారు. కజుయో గుంతల పెనంలో పిండి పోసి, ఒక్కో గుంతలో ఆక్టోపస్ ముక్క పడేస్తోంది. పక్క సెలూన్ మినోబె అప్పటికే ఒక ప్లేటు ముగించి రెండోది అందుకున్నాడు.

"తెన్నోజి వెనక సందు తెలుసుగా, సైకిల్ పట్టడమే కష్టం. అందులో రివర్సులో పెట్టాను. ఒకే తిప్పు. గోడకీ బండికీ మధ్య కాగితం దూరదు."

"పోయినసారి వేలు దూరదన్నారు," అన్నాడు మినోబె.

"వేలు దూరనిచోట కాగితం ఎలా దూరుతుందయ్యా. విను. నేను దిగేలోపే వెనక తలుపు తీసి ఒక ముసలావిడ ఎక్కింది. ఇప్పుడు టాక్సీ నడపడం లేదండీ అన్నాను. 'ఈ ఒక్కరోజే నాకు సెలవు, ఊరు చూపించు, తినిపించు' అంది. అద్దంలో చూశాను. తెల్ల కిమోనో. కుడి అంచు పైకి వచ్చేలా కట్టుకుంది."

కజుయో చేతిలో పుల్ల ఆగింది. "శవానికి కట్టినట్టా?"

"అద్దంలో చూస్తే ఎడమది కుడి అవుతుంది పెద్దాయనా," అన్నాడు మినోబె. "లేకపోతే నా సెలూన్‌లో కూర్చునేవాళ్లంతా శవాలే."

"బండి దిగాక కూడా చూశానయ్యా. పోయినవాళ్లు ఇళ్లకొచ్చే పండగ, ఎవరింటికీ పోకుండా నా బండెక్కింది, ఏం చేస్తాం. ముందు టవర్ ఎక్కించాను. తర్వాత కింద, పుల్లలకు గుచ్చి వేయిస్తారే, ఆ కొట్టుకి. అందరికీ ఒకటే సాస్ తొట్టి, కొరికిన పుల్ల మళ్లీ ముంచితే ఆ కొట్టువాడు కన్నతల్లినైనా బయటికి పంపుతాడు. ఈవిడ ముంచింది, కొరికింది, మళ్లీ ముంచింది. వాడు అటే చూస్తున్నాడు, ఏమీ అనడు. వాడికి ఆవిడ కనపడటం లేదు. కొరికిందన్నానా, పుల్ల మీద మాంసం ఉన్నది ఉన్నట్టే ఉంది. నేను నోట్లో పెట్టుకుంటే తడి అట్టముక్క. రుచి మొత్తం తీసేసుకుంది."

"వాళ్లు వాసనే తింటారంటారు," అంది కజుయో నెమ్మదిగా.

"అదే తింది. అక్కడ్నుంచి దోతొంబొరి కాలవ గట్టుకి పోయాం. ఒక్కసారి ఊపిరి పీల్చింది చూడు, వీధిలో ఉన్న వాసనంతా పోయింది. వీధంతా నములుతోంది, ఒక్కరి ముఖంలోనూ ఏమీ లేదు. హోటల్ సైన్‌బోర్డు మీద మోటారుతో ఆడే పెద్ద పీత బొమ్మ కాళ్లాడించడం మానేసింది. కాలవలో నీళ్లు నిలిచిపోయాయి. వంతెన మీద అంత జనం, నీడలు లేవు. నాకొక్కడికే నీడ ఉంది, అదీ ఆవిడ వైపు వంగి ఉంది."

"అక్కడే దించేసి రావలసింది," అంది కజుయో.

"చేతులు స్టీరింగ్ వదిలితే కదా. 'ఎండ ఉండగానే ఉమెదా చేర్చు, చేర్చలేకపోతే నువ్వే నాతో రా' అంది. ఇంకొకడైతే బండి వదిలేసి పారిపోయేవాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

చిహారు అడిగింది. "ఏమైంది నాన్నా?"

"నంబా దగ్గర మిదోసుజి రోడ్డు ఎక్కాను. ఉత్తరాన ఉమెదాకి తిన్నగా. రెండు పక్కలా గింకో చెట్లు, మధ్యలో నేను. అప్పుడు ఎదురొచ్చాయి కార్లు. ఒకటా రెండా, రోడ్డంతా అవే. పట్టపగలు అన్నిటికీ లైట్లు వెలుగుతున్నాయి. చప్పుడు లేదు. నా ముందుదాకా వచ్చి నీళ్లు చీలినట్టు అటూ ఇటూ చీలిపోతున్నాయి, ఒక్కటీ తగల్లేదు. లోపల ముఖాలన్నీ నా వైపే, నోళ్లు తెరుచుకుని. ఒక బస్సు నిండా జనం లేచి నిలబడి అద్దాలకి చేతులు ఆనించి చూస్తున్నారు. అప్పుడర్థమైంది, పోయినవాళ్లంతా దక్షిణానికి పోతున్నారు, ఉత్తరానికి పోయే ప్రాణమున్నవాడిని నేనొక్కడినే. మీ అమ్మ కూడా ఉందమ్మా, ఒక నీలం కారులో. రెండు చేతులూ ఊపుతూ ఏదో అరిచింది. అద్దాలు మూసి ఉన్నాయి, వినపడలేదు. అంతమంది మధ్యలోంచి గీత పడకుండా తీసుకొచ్చాను బండి, ఎండ ఉండగానే ఆవిడని ఉమెదాలో దించాను. ఇప్పుడు చెప్పండి, ఈ చేతుల్లోంచా లైసెన్సు లాక్కునేది?"

చిహారు తండ్రి చేతుల వంక చూసింది.

"మిదోసుజి దక్షిణానికే పోతుంది నాన్నా. నేను పుట్టకముందు నుంచీ అది వన్ వే."

మినోబె నములుతున్నది మింగేశాడు.

"నీ చెవి మిషన్ ఆ రోజంతా మనింట్లో బల్ల మీదే ఉంది," అంది చిహారు. "హారన్లు మోగే ఉంటాయి. నీకు వినపడలేదు."

పెనంలో ఉండలు ఒకవైపు నల్లబడుతున్నాయి. కజుయో తిప్పలేదు.

నిషివాకి గారు నవ్వబోయారు. "కోతమ్మా. అంతా కోత. మీరు నమ్మారా ఏమిటి. ఆ రోజు నేను బండి బయటికే తీయలేదు. ముసలావిడా లేదు, ఏమీ లేదు. మినోబెని అడుగు, నేను నిజం చెప్పేది ఎప్పుడని."

మినోబె ప్లేటు పక్కన పెట్టాడు. ఆయన ఏం చెప్పినా కోతలని ఇన్నేళ్లూ ఎగతాళి చేసిన మనిషి.

"అది కోత అనిపించడం లేదు పెద్దాయనా," అన్నాడు.

కజుయో తల వంచుకుని ఆక్టోపస్ ముక్కలు సర్దుతున్నట్టు కనిపించింది. నిషివాకి గారు ఆవిడ వైపు చూశారు, తర్వాత రోడ్డు వైపు చూశారు. ఒక కారు పోయింది. అది అటు నుంచి వచ్చిందా ఇటు నుంచి వచ్చిందా అని చూస్తున్నట్టు, అది కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నారు.

"మీ అమ్మ ఏమని అరిచి ఉంటుందంటావు?"

"ఏమంటుంది నాన్నా. బండి తిప్పమని."

ఆయన చొక్కా జేబులోంచి లైసెన్సు తీసి కూతురి చేతిలో పెట్టారు.