ఎంజైమ్ వెనకవైపు

వేరువేరు ల్యాబుల్లో పరిశోధన చేసే భార్యాభర్తలు. సాయంత్రం, వాళ్ళ వంటగది. పొయ్యి దగ్గర భర్త; భార్య అప్పుడే ఇంటికొచ్చింది.

“...అది కాదులే, ముందు ఆ స్టవ్ కట్టెయ్. ఇటు తిరిగి మాట్లాడు.”

“తిరిగాను. చెప్పు.”

“మీ సార్ పేపరు వచ్చింది ఇవాళ.”

“వచ్చిందా? ఏ పేపరు?”

“ఏ పేపరా! చక్కెరను విరిచే ఎంజైమ్, చక్కెర తగ్గినప్పుడు వెళ్ళి ఆర్ఎన్ఏని పట్టుక్కూర్చుంటుందని. ఒకే ఎంజైమ్‌కి రెండు ఉద్యోగాలని. అది నా పని. నా డాక్టరేటే అది.”

“అబ్బా, ఇలాంటి ఎంజైములు ఇప్పటికే బోలెడు బయటపడ్డాయి. ఇద్దరికి ఒకే ఆలోచన తట్టకూడదా?”

“తట్టొచ్చు. పొద్దున మా ల్యాబ్‌లో మీ చెల్లెలు ఆ పేపరు తెరిచి చూపిస్తే నేనూ అదే అన్నాను. రెండో బొమ్మ చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.”

“ఏముంది అందులో?”

“నా తప్పు.”

“తప్పేంటి?”

“తెలియనట్టు అడక్కు. చక్కెర కూర్చునే గుంట దగ్గర ఒక అమైనో ఆమ్లం మార్చబోయాను. ఎంజైమ్‌ని పట్టి తియ్యడానికి దాని మొదట్లో నేనే అతికించిన తోకని కూడా కలిపి లెక్కపెట్టి, ఎక్కడో వెనకవైపుది మార్చేశాను. గుర్తుందా?”

“ఏదో... చెప్పినట్టున్నావ్.”

“ఏదో కాదు. ఈ బల్ల దగ్గరే కూర్చుని పడీ పడీ నవ్వుకున్నాం. ఆ తప్పు ఎంజైమ్ చక్కెరని శుభ్రంగా విరుస్తోంది, ఆర్ఎన్ఏని మాత్రం వదిలేస్తోంది అన్నాను. రెండు ఉద్యోగాలూ వేరని దాంతోనే తేలింది. ‘నీ తప్పుకి దండ వెయ్యాలే’ అన్నావ్.”

“అన్నాను. అయితే?”

“అయితే మీ సార్ కూడా సరిగ్గా అదే మార్చారు. బుద్ధున్నవాడెవడూ ఆ వెనకవైపు చెయ్యి పెట్టడు. పెట్టాలంటే నాలాగా లెక్క తప్పాలి. ఆయనా తప్పారా?”

“ఆ పేపర్లో నా పేరుందా?”

“లేదు. అదే నీ తెలివి.”

“...టీ తాగుతూ ఏదో మాటల్లో అన్నానంతే. ఆయన ఇంత దూరం తీసుకెళ్తాడని...”

“ఎన్నో నంబరు అమైనో ఆమ్లమో కూడా మాటల్లోనే వచ్చిందా?”

“ఆయన అడిగాడు. నా ఉద్యోగం పర్మనెంటు చెయ్యాల్సింది ఆయనే. నేనేం చెయ్యను?”

“నన్నొక మాట అడగాల్సింది.”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“లేదు.”

“మరి!”

“మరి అంట, మరి! ఇంట్లో దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?”

“సరే, అయిందేదో అయింది. మీ మేడమ్‌కి నా పేరు చెప్పావా?”

“చెప్పలేదు. మా నలుగురిలోనే ఎవరో మోశారని ఆవిడే పట్టేశారు. అందర్నీ గదిలోకి పిలిచి తలుపేశారు.”

“నిన్నేమైనా అన్నారా?”

“నన్నే అడగబోయారు. ఈలోగా ఇంకొకరు ‘నేనే చెప్పాను’ అన్నారు.”

“ఎవరు, ఆ వాగుడుకాయేనా? మైక్రోస్కోపు దగ్గర కూర్చునేవాడు?”

“అక్కడికక్కడే పంపేశారు. ఇక ఏ ల్యాబూ గడప తొక్కనివ్వదు.”

“హమ్మయ్య... అదే, పాపం అనుకో. కానీ వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకుంటే మనమేం చేస్తాం?”

“రేపు నువ్వొచ్చి నిజం చెప్తే చాలు. మేడమ్ వింటారు.”

“నీకేమైనా పిచ్చా? నాదీ పోతుంది, నీదీ పోతుంది. ఎవరికోసం? మనకేమవుతాడని?”

“అంటే చెప్పవు.”

“చెప్పను. వాడి ఖర్మ వాడిది. నువ్వూ నోరు మూసుకో.”

“తనూ నన్ను అదే బతిమాలింది. ‘నోరు విప్పకు వదినా, అన్నయ్య ఉద్యోగం పోతుంది’ అని. సామానంతా అట్టపెట్టెలో సర్దుకుని నాతోనే వచ్చింది. ఇందాకట్నించీ ఆ తలుపు అవతలే నిలబడి ఉంది. వెళ్ళు, మీ చెల్లెల్ని నువ్వే లోపలికి పిలు.”