పక్క తీయమంటే

గౌడవెల్లిలో మా గోడ అవతలి ఇంటామె మేడ్చల్ బజారు నుంచి తిరిగి వచ్చీ రాగానే భర్త మీద కేకలు మొదలుపెట్టింది. బట్టలు ఆరేస్తున్న నాకు ప్రతి మాటా వినిపించింది.

“ఏందయ్యా గిది? పిల్లల తొట్టెలకు ఒక దిక్కు కటకటాలు ఏవి?”

“కోసేసిన. పొద్దుగాల నువ్వే గదనే పక్క తియ్యమన్నవ్!”

“పక్క అంటే లోపలి బొంత! ఉతుకుదామని తియ్యమన్న. రంపం పట్టమన్ననా?”

“నాకేమెరుక? మన బిడ్డ అంకిత మొన్న కటకటాలెక్కి కింద పడ్డది గద. ఒక పక్క తీస్తే చిన్న మంచం అయితది, అదే ఎక్కి దిగుతదనుకున్న. సూడు, గుచ్చుకోకుండ మస్తు నున్నగ రుద్దిన.”

“నీ నున్నగ మంట్లె గలువ! మా అమ్మ లేదాయె. నా చెల్లె రేపు దవాఖాన నుంచి పసిబిడ్డతోని మనింటికే వస్తాంది. మా నాయిన ఈ తొట్టెల మా ఇద్దరి పిల్లలకని చేపిచ్చిండు.”

“ఆ ముచ్చట ముందే చెప్పొద్దా?”

“వారం సంది చెప్తున్న! నువ్వు టీవీల క్రికెట్ సూస్కుంట ఊఁ ఊఁ అన్నవ్.”

“మేకులు కొట్టి అతికిస్తనే.”

“మేకులు కొట్టిన దాంట్ల పసిగుడ్డును పండవెడ్తమా? రేపు అది ‘తొట్టెల ఏదక్కా’ అంటే నువ్వే చెప్పాలె, పక్క అంటే ఏందో తెల్వక కోసిన అని.”

“నవ్వుతది గదనే!”

“నవ్వనియ్యి. నవ్వినంక ఆ బిడ్డను నీ చేతుల పెడ్త. కొత్తది చేపిచ్చేదాక నువ్వే తొట్టెల. నిలబడి ఊపు!”