పరుపుల కొట్టుకి నేనిచ్చిన ప్రకటన

ఇంకో టీ పొయ్యవోయ్, అలిసిపోయి ఉన్నాను. నువ్వూ కూర్చో బామ్మర్దీ, ఎదురుగానే కదా నీ పరుపుల కొట్టు, ఎక్కడికీ పోదు. నేనిచ్చిన ప్రకటనకి ఒక్క బేరమూ ఎందుకు రాలేదో తేలకపోతే ఇవాళ్టితో కొట్టు మూసేస్తానంటున్నావు. విను మరి.

నేను ప్రకటన ఇచ్చిన ఆ బ్లాగుల సైటులో మామూలు ప్రకటన నడవదని నేను ముందే కనిపెట్టాను. అక్కడెవరూ సొంత పేరుతో ఉండరు. ఒకడు మబ్బుతునక, ఒకావిడ విరిగిన గొడుగు. ఎవరికేం కావాలో ఎలా తెలుస్తుంది? పైగా కష్టసుఖాలు చెప్పుకుంటున్న వాళ్ల మధ్యకి పరుపు నెత్తినేసుకుని వెళ్తే ఫోను మీద బొటనవేలితో పక్కకి నెట్టేస్తారు. అందుకని నేనూ ‘నిద్రపట్టని పిల్లి’ అని పేరు పెట్టుకుని, రోజూ నా బాధలు రాసి, అడుగున మాత్రం మన కొట్టు పేరు వేశాను.

“ఎవరైనా చదివారా బాబాయ్?” అన్నాడు టీ కొట్టతను.

చదవడమా? మొదట ఒకడొచ్చి ఓదార్చాడు. తర్వాత ఊరంతా. చదువుతూ చదువుతూ మధ్యలోనే కునుకు తీసేవాళ్లు. ఆ పైన ఏమైందనుకున్నావు? బస్సు డ్రైవరు చదివి స్టీరింగు మీద వాలాడు, బస్సు కూడా రోడ్డు పక్కకి ఒరిగి గురక పెట్టింది. తాళం సగం తిప్పి దొంగ నిద్రపోయాడు, వాణ్ణి పట్టుకోవడానికొచ్చిన పోలీసు వాడి భుజం మీదే నిద్రపోయాడు. ఆఖరికి ఆ సైటు నడిపే కంప్యూటర్లే తూగుతుంటే నీళ్లు చల్లి లేపారు.

“మరి పరుపులు?”

అక్కడికే వస్తున్నా. నిలబడ్డచోటే నిద్రొస్తుంటే పరుపెవడు కొంటాడయ్యా? అడుగునున్న కొట్టు పేరు దాకా ఒక్కడూ మెలకువగా రాలేదు. ఒక్క నెల ఓపిక పట్టు బామ్మర్దీ, ఈసారి పేరు పైనే వేస్తాను.

బామ్మర్ది గ్లాసు కింద పెట్టాడు. “బావా, మొదట ఓదార్చినవాడు ‘పాత దిండు’ కదూ?”

“అవును. నా వీరాభిమాని. నీకెలా తెలుసు?”

“అది నేనే. ఇంకెవరూ రాలేదు. కొట్టు ఏమవుతుందోనని ప్రతి ముక్కా అడుగుదాకా చదివాను. నాకైతే కునుకు పట్టలేదు.”

లేచి రోడ్డు దాటి, కొట్టు బయట ఆనించిన పరుపుని లోపల పెట్టడానికి ఒక అంచు ఎత్తి పట్టుకున్నాడు. రెండో అంచు పట్టుకోమన్నట్టు నా వైపు చూశాడు.